మూడో మాట

“తర్కం నేర్చుకుంటే రొట్టె గుండ్రంగా వస్తుందా?” అన్నాడు సెలెరీనో, నేను పెనం మీంచి తీసిన రొట్టెను చేతిలో ఎగరేస్తూ.

ఆ రొట్టె గుండ్రంగానే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో నా రొట్టె గుండ్రంగా రాని రోజు లేదు. కానీ అతనికి జవాబు అక్కర్లేదు. చాప మీద కూర్చుని నల్ల చిక్కుడు గింజలు ఏరుతున్న వాళ్ళమ్మ నవ్వాలి, అంతే. ఆమె నవ్వింది. అతని పని అయిపోయింది, గిన్నె నా ముందుకు తోసి లేచాడు.

నేను సన్నికల్లు ముందు మోకాళ్ళ మీద ఉన్నాను. మా ఊళ్ళో మొక్కజొన్న మర పట్టించుకొచ్చాక కూడా ఇంకోసారి చేత్తో నూరాలి. లేకపోతే మా అత్తగారు దోన్యా బ్రీహిదా నాలుక ఒప్పుకోదు. “మర పిండికి ఇనుప కంపు” అంటుంది. మర ఇనుముదే. నా మోకాళ్ళు మాత్రం ఇనుమువి కావు, ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరి నాలుకా పలకలేదు. నూరుతూ పాఠం వల్లె వేసుకుంటున్నాను. వాన పడితే వాగు పొంగుతుంది. వాన పడింది. కాబట్టి వాగు పొంగింది. రాయి ముందుకు పోతే ఒక మాట, వెనక్కి వస్తే ఇంకో మాట.

నేను ఆరో తరగతితో బడి ఆపేసినదాన్ని. ఆపేశాను అనడం కూడా అబద్ధమే, ఆపించారు. కూతురు పెళ్ళై పక్క కొండకు పోయాక, నలభై దాటిన వయసులో, కింది పట్నంలో చదువు మానేసిన పెద్దవాళ్ళకు శనివారాలు నడిపే బళ్ళో చేరాను. కూరగాయల లారీ వెనక బస్తాల మధ్య నిలబడి కొండ దిగుతాను. ఎందుకు చేరానంటే నిజం చెప్పేస్తాను, జ్ఞానం కోసం కాదు. ఇంట్లో ప్రతి మాటలోనూ ఓడిపోతున్నాను. చివరి మాట ఎప్పుడూ వాళ్ళదే. పాఠాల పట్టికలో ‘తర్కం, వాదన’ అని చూసి, ఇదేదో నోరు మూయించే మంత్రం అనుకున్నాను.

మా టీచరు సొరాయిదా పొట్టి మనిషి. మొదటి రోజే నా ఆశ మీద నీళ్ళు చల్లింది. “వాదన అంటే కొట్లాట కాదు. గొంతు పెంచడం వాదన కాదు. ఎదుటివాడి పుట్టుక ఎత్తడం వాదన కాదు. మా తాత చెప్పాడు అంటే అదీ వాదన కాదు, మీ తాతలకూ పొరపాటు చేసే హక్కుంది. రెండు మాటలు ఒప్పుకున్నాక, మూడో మాట నీకు ఇష్టమున్నా లేకపోయినా ఒప్పుకోక తప్పదు చూడు, దాన్ని వాదన అంటారు. మిగతాదంతా అరుపు.”

వాన, వాగు ఆమె చెప్పిన ఉదాహరణే. అది అందరికీ అర్థమైంది. తర్వాత ఆమె దాన్ని తిరగేసింది. “వాన పడితే వాగు పొంగుతుంది. వాగు పొంగింది. కాబట్టి వాన పడింది. నిలుస్తుందా?” నిలుస్తుందన్నాం అందరం. “నిలవదు. ఎగువ ఆనకట్ట తలుపు ఎవరో ఎత్తి ఉండొచ్చు. వాగు పొంగడానికి వాన ఒక్కటే కారణమని మొదట ఎవరన్నారు?”

నా చెయ్యి దానంతటదే లేచింది. “టీచర్, తప్పు చేస్తే దెబ్బలు పడతాయి. దెబ్బలు పడ్డాయి. కాబట్టి తప్పు చేసింది. ఇదీ అంతేనా?”

ముందు బల్ల మీదామె తన చేతుల్ని పైగుడ్డ కిందికి లాక్కుంది. టీచరు సుద్దముక్క కింద పెట్టి, నా మొహంలోకి చూసి, “అంతే. సరిగ్గా అంతే,” అంది.

ఆ రోజు లారీలో ఎట్లా కూర్చున్నానో తెలియదు. దెబ్బలకు మొహం వాచి పుట్టింటికి వెళ్ళిన రోజు, గుమ్మంలోనే, మంచినీళ్ళయినా ఇవ్వకముందే, మా అమ్మ అడిగిన మాట “ఏం చేశావే?” అని. ఎవరు కొట్టారు అని కాదు. నేనూ ఏం చేశానా అని వెతుక్కున్నాను, పప్పులో ఉప్పు దగ్గర్నుంచి చూపు దాకా. వెతికితే ఏదో ఒకటి దొరకదా! దొరికింది కాబట్టి దెబ్బ న్యాయమే అనుకున్నాను. ఇన్ని తరాల ఆడవాళ్ళ వీపుల మీద పడిన ఆ తప్పు లెక్క తప్పేనని పట్నంలో వాళ్ళకు తెలుసు. పుస్తకంలో దానికో పేరుంది, పరీక్షలో మార్కులున్నాయి. తెలిసి కూడా కొండ ఎక్కి వచ్చి మాకెవరూ చెప్పలేదు! బస్తా మీద తల ఆనించి, కోపమో ఏడుపో తెలియనిదేదో మింగుతూ ఇంటికి చేరాను. చేరగానే దోన్యా బ్రీహిదా, “పొద్దు వాలింది, పొయ్యి నేను అంటించాలా?” అంది. అంటించాను.

అప్పట్నుంచి ఇంట్లో మాటలన్నీ విప్పి చూడడం మొదలైంది. పైకి ఒక్క ముక్క అనేదాన్ని కాదు, లోపల విప్పేదాన్ని. “నా కొడుకు తాగుతున్నాడంటే ఇంట్లో సుఖం లేకే” అని అత్తగారు. సుఖం ఉన్న ఇళ్ళల్లో ఎవరూ తాగరా? “నీకంటే నేను లోకం ఎక్కువ చూశాను” అని సెలెరీనో, బెల్లం ధర గురించి. లోకం చూడ్డానికీ బెల్లానికీ ఏమిటి లంకె? “మంచి ఆడది ఎదురు చెప్పదు. నువ్వు ఎదురు చెప్పావు.” మూడో మాట అతను అననక్కర్లేదు, అది నా గుండెల్లో నేనే అనుకునేలా పెంచారు నన్ను. అసలు ఆ మొదటి మాట ఎవరు ఒప్పుకున్నారు? నేనెప్పుడు ఒప్పుకున్నాను? ఒక్కోసారి రొట్టె పెనం మీదే మాడిపోయేది. పరీక్ష కోసం చదువుతోంది అనుకునేవాళ్ళు.

ఇప్పుడు బరువుల సంగతి చెప్పాలి. మా వహాకా కొండల్లో ఊరి పదవిని పదవి అనరు, బరువు అంటారు. జీతం ఉండదు. ఏడాది మోయాలి, కొన్నేళ్ళు ఊపిరి పీల్చుకోవాలి, మళ్ళీ ఇంకోటి మోయాలి. బరువు మోసినవాళ్ళకే చేను. చేను అమ్మేది కాదు, కొనేది కాదు, ఊరిది. ఊరి సభ ఇస్తుంది, సభ తీసుకుంటుంది. సభలో కూర్చునేది మగవాళ్ళు.

సెలెరీనో మొదటి బరువు ఊరి కాపలా. తాగి పడినవాళ్ళనూ కత్తులు దూసినవాళ్ళనూ పట్టుకొచ్చి ఊరి జైలు కొట్లో వేసేవాడు. వేయడం వరకే అతని పని. లోపలున్నవాళ్ళు తినాలి కదా! కాపలావాడి పెళ్ళాం పెట్టాలి, అది పద్ధతి. చంటిదాన్ని వీపున కట్టుకుని ఊచల్లోంచి రొట్టెలు అందించాను. ఒకడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంటికొచ్చి చెబితే, “చెయ్యి అంత లోపలికి ఎందుకు పెట్టావే?” అన్నాడు. తర్వాత చర్చి బరువు. దేవుడి బట్టలు ఉతికాను, కొవ్వొత్తుల మైనం గీకాను. దండ పడింది అతని మెడలో. తర్వాత నీళ్ళ బరువు. నీటి తొట్టి తాళాలు అతని నడుముకు. పైపు పగిలిన రోజు అతను మెస్కాల్ సారా మత్తులో ఉంటే, నడుం లోతు బురదలో దిగి గోనెగుడ్డ చుట్టింది నేను. మర్నాడు సభలో చప్పట్లు అతనికి. ఈ ఏడు ఇంకా పెద్ద బరువు, సరిహద్దులది. చేతిలో వెండిపొన్ను కర్ర. ఊళ్ళో ఏ గట్టురాయి కదిలినా ఆ కర్ర ముందు నడవాలి. ఆ వెనకాల అన్నం గంప ఎత్తుకుని నేను నడవాలి. గట్టు మీద అందరూ కూర్చుని కర్ర పట్టినవాడి ఇంటి అన్నం తింటేనే రాయి పాతుతారు. తినకుండా పాతిన రాయి ఊరికి చెల్లదు.

ఆ ఆదివారం సభ. బాస్కెట్‌బాల్ కోర్టు మీద రేకుల కప్పు కింద బెంచీలు వేశారు. పక్కనే వంటశాల. సభకు వంట పేటలవారీగా వంతు, ఆ వారం మా పేటది. గొడ్డుమాంసం పులుసు పెద్ద బానల్లో మరుగుతోంది. స్తంభానికి కట్టిన మైకు బూర మా నెత్తి మీదే ఉంటుంది, లోపలికి రానివ్వకపోయినా ప్రతి మాటా వినిపిస్తుంది.

మాతోపాటు ఒటీలియా ఉంది. నా కూతురికి జ్ఞానతల్లి, వదినా అంటే వదినా అనుకుంటాం. ఆమె మొగుడు మౌరీలియో మరో ఆడదాన్ని తీసుకుని సముద్రం వైపు వెళ్ళిపోయి చాలా కాలమైంది. అప్పట్నుంచి వాగు పక్క చేను ఒంటిచేత్తో దున్నుకుంటోంది. ఇప్పుడు ఆ చేను తనదని మౌరీలియో వాళ్ళ అన్నయ్య అన్సెల్మో సభకెక్కాడు. ఆ రోజు తేలాల్సింది అదే. చేను పోతే ఆమెకు తినడానికి గింజ లేదు, పోవడానికి ఊరు లేదు. అంతా తెలిసి, తన చేను లాక్కోవడానికి కూర్చున్నవాళ్ళ పులుసులోకి తనే ఉల్లిపాయలు కోస్తోంది. వంతు కదా! ఆ దృశ్యం నాకు ఇప్పటికీ అర్థం కాదు. అందరం అక్కడే ఉన్నాం, ఎవరికీ అది వింతగా లేదు.

మొదట ఫుల్హెన్సియో సంగతి వచ్చింది. పెళ్ళి కాని మనిషి. బూరలోంచి అతని గొంతు వణుకుతూ వచ్చింది. “నాకూ ఒక బరువు ఇవ్వండి పెద్దయ్యా. నలభై వస్తున్నాయి. నాకూ చేను కావాలి.”

“ముందు పెళ్ళి చేసుకోరా!” ఎవరో అరిచారు.

“నా మొహానికి ఎవరిస్తారు?”

కోర్టంతా నవ్వులు. “మరి కొట్లో వాళ్ళకు రొట్టెలు ఎవడు కాలుస్తాడు? నువ్వా?”

“మా అమ్మ కాలుస్తుంది.”

అప్పుడు మైకు సెలెరీనో అందుకున్నాడు. గొంతు సవరించుకోవడంలోనే తెలిసిపోయింది నాకు. “ఒరే ఫుల్హెన్సియో, మీ అమ్మ మోయాల్సిన బరువు మీ నాన్నతోపాటు ఎప్పుడో మోసేసింది. ముసలామెను మళ్ళీ మోయిస్తావా, సిగ్గులేదూ? మన ఊళ్ళో బరువు ఒక్క మగాడికి ఇవ్వరు, జంటకు ఇస్తారు. ఆడది లేని ఇల్లు బరువు మోయలేదు. ఇది మన నియమం.”

చప్పట్లు. సభ పెద్ద దోన్ ఎర్మోహెనెస్ చేతులెత్తించి, నియమం నిలిచింది, ఒంటివాడికి బరువు లేదన్నాడు.

“ఎంత బాగా చెప్పాడమ్మా నా కొడుకు!” అంది దోన్యా బ్రీహిదా, బాన దగ్గర పీట మీద కూర్చుని. “మోశాం మరి. నా నడుం అడుగు, అదే చెబుతుంది.”

మిరపకాయలు ఇంకా వేగనే లేదు. అన్సెల్మో సంగతి వచ్చింది. మళ్ళీ సెలెరీనోనే. సరిహద్దుల బరువు కదా, అతనే చెప్పాలి. “చేను బరువు మోసినవాళ్ళది. మౌరీలియో మోశాడు, కాదనను. కానీ పోయాడు. ఒటీలియా ఏ బరువు మోసింది? ఆడవాళ్ళు బరువులు మోయరు. కాబట్టి చేను అన్నకు పోవాలి.”

గరిటె నా చేతిలోనే ఉంది. దాన్నుంచి పులుసు కాలి మీద కారుతోంది. వేడి తెలియలేదు. నేను తప్పు విన్నానా అనుకున్నాను. అదే నోరు, అదే బూర, మధ్యలో మిరపకాయలు వేగేంత సేపు కూడా లేదు.

“విన్నారా?” అన్నాను.

“ఏంటి?” అంది మిరపకాయలు వేయిస్తున్నామె.

“ఆడది లేకుండా బరువు మోయలేరన్నాడు ఇందాక. ఇప్పుడేమో ఆడవాళ్ళు మోయరంటున్నాడు!”

“అది ఫుల్హెన్సియో సంగతి. ఇది చేను సంగతి. వేరే వేరే కదే.”

“ఎట్లా వేరు?”

“నాకేం తెలుసు, మగవాళ్ళు అంటున్నారుగా. కలుపు, అడుగంటుతుంది.”

ఒటీలియా కత్తి ఆగింది. “మౌరీలియో నీళ్ళ బరువు మోసిన ఏడు నాది పచ్చి పురుడు,” అంది, ఎవరో తెలిసినామె గురించి చెబుతున్నట్టు. “ఊట దాకా రోజూ అన్నం మోసుకెళ్ళాను. ఆ బిడ్డ దక్కలేదు.” అని మళ్ళీ కోసుకుంది.

వంటశాలకూ కోర్టుకూ మధ్య ఒక పొట్టి గోడ, దానికో సందు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి ఆ సందులోంచి గిన్నెలే దాటించాను, నేను దాటలేదు. దాటాను.

గరిటె చూసి ముందు వరుసలో ఒకడు, “పులుసు అయిందా అకిలీనా?” అన్నాడు ఆశగా.

“కాలేదు. ఒక మాట అడిగిపోతాను.”

“సెలెరీనో, నీ పెళ్ళాం దారి తప్పిందిరా!” నవ్వులు. సెలెరీనో మొహం నల్లబడింది. “లోపలికి పోవే,” అన్నాడు, మైకు పక్కకు తిప్పి.

దోన్ ఎర్మోహెనెస్ మొహం ఒక్కటే చూశాను. ముసలాయన, ఊళ్ళో బరువులన్నీ మోసి దించినవాడు, లంచం ఎరగనివాడు. “పెద్దయ్యా, చేను బరువు మోసినవాళ్ళది. ఇది నియమమేనా?”

“నియమమే.”

“బరువు మోసేది జంట. ఫుల్హెన్సియోకు అందుకే కాదన్నారు. అవునా?”

“అవునమ్మా.”

“జంటలో మౌరీలియో ఒకడు. రెండోది ఎవరు?”

ఆయన నోరు తెరిచి ఆగిపోయాడు. రేకుల మీద ఏదో పక్షి గీరిన చప్పుడు వినిపించింది. వాళ్ళు నివ్వెరపోయి ఉన్నారు, నిజమే. కానీ అందరికంటే ఎక్కువ నివ్వెరపోయింది నేను. ఇంత చిన్నదా ఇది? ఒకదాని కింద ఒకటి పెట్టడమేనా? ఈ రెండు మాటలూ మా ఊళ్ళో ఉగ్గుపాలతో పట్టిస్తారు. మా అమ్మమ్మకు తెలుసు, మా అత్తకు తెలుసు. ఇన్ని వందల ఏళ్ళు రెండిటినీ రెండు చెవుల్లో పెట్టుకుని తిరిగాం, ఒక్కరం కలిపి చూడలేదు!

“పట్నం టీచర్లు నేర్పిన పలుకులు,” అన్నాడు అన్సెల్మో.

“ఎవరు నేర్పితేనేం, తప్పెక్కడుందో చెప్పు.”

“మా తాతల కాలం నుంచి ఆడవాళ్ళకు చేను లేదు.”

“తాతల కాలం నుంచీ మోసింది ఎవరో కూడా చెప్పు.”

“పిల్లలు లేనిదాని కోసం ఇంత...”

“పిల్లలకూ దీనికీ ఏం లంకె అన్సెల్మో? నియమంలో పిల్లల మాట ఉందా?” నా గొంతు నాకే కొత్తగా ఉంది. అరవడం లేదు. అరవాల్సిన అవసరమే రాలేదు, అది ఇంకా వింత.

అప్పుడు సెలెరీనో లేచాడు. వెండిపొన్ను కర్ర నేలకు ఒక్క పోటు పొడిచాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు, రొట్టె ఎగరేసేటప్పటి నవ్వు. “సరే, మోశారు. ఎవరు కాదన్నారు? గాడిద కూడా కట్టెల మోపు మోస్తుంది. అంతమాత్రాన కట్టెలు గాడిదవి అవుతాయా?”

కోర్టు పేలిపోయింది. బెంచీలు చరుస్తున్నారు, టోపీలు ఎగరేస్తున్నారు. సందు దగ్గర మా వంటవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకామె కూడా నవ్వింది, వెంటనే నోటికి పైగుడ్డ అడ్డం పెట్టుకుంది. దోన్యా బ్రీహిదా నవ్వలేదు. కొడుకు మాట అన్నాక ఆమె నవ్వకపోవడం అదే మొదటిసారి.

నేనేం ఊహించాను? తిడతాడనుకున్నాను. ఇంటికొచ్చాక కొడతాడని కూడా అనుకున్నాను. ఇట్లా అంటాడనుకోలేదు. అతను అప్పటికప్పుడు కోపంలో అన్న మాట కాదది. అంత తొందరగా, అంత గుండ్రంగా వచ్చిందంటే, ఎప్పట్నుంచో లోపల సిద్ధంగా ఉన్న మాట. అతని పక్కన పడుకున్న రాత్రులన్నీ అది ఆ తలలోనే ఉంది. ఏడుపు రావాలి. రాలేదు. పాఠం వచ్చింది.

“అట్లాగయితే ఫుల్హెన్సియోకు అన్యాయం చేశారు,” అన్నాను. “అతనికి పెళ్ళాం లేదన్నారు. గాడిద ఉంటే చాలు కదా? గాడిదలు అతనికీ ఉన్నాయి. బరువు ఇచ్చేయండి.”

ఒక్క క్షణం ఎవరికీ ఎక్కలేదు. వెనక బెంచీలోంచి ఫుల్హెన్సియో లేచి, టోపీ తీసి, ఎంతో గంభీరంగా, “ఉన్నాయి పెద్దయ్యా. ఒకటి ఆడదే,” అన్నాడు.

ఈసారి నవ్వు వేరే వైపు నుంచి వచ్చింది. దోన్ ఎర్మోహెనెస్ మాత్రం నవ్వలేదు. “సెలెరీనో, జవాబు చెప్పు,” అన్నాడు. “గాడిద చాలదంటే, ఆమె గాడిద కాదు. చాలుతుందంటే, ఇందాకటి నియమం తప్పు. ఏదో ఒకటి చెప్పు.”

సెలెరీనో కర్ర వంక చూశాడు, అన్సెల్మో వంక చూశాడు. “ఆచారం అంటే ఆచారమే పెద్దయ్యా,” అన్నాడు.

“అది జవాబు కాదు.”

మొహాలు చూస్తే తెలిసిపోతోంది, వాళ్ళందరికీ అర్థమైంది. నేను గెలిచాననుకున్నాను. టీచరు చెప్పింది కదా, రెండు ఒప్పుకుంటే మూడోది తప్పదని. అప్పుడు అన్సెల్మో లేచి, చేతులు చాచి, “ఇంకెంతసేపయ్యా? ఆకలేస్తోంది. పులుసు పొయ్యి మీద, వంటమనిషి మైకు ముందు. చేతులెత్తండి, తిందాం,” అన్నాడు.

చేతులు లేచాయి. అర్థమైనవాళ్ళ చేతులే. ఇందాక తల దించుకున్నవాడి చెయ్యి, ఔనౌనన్నట్టు తల ఊపినవాడి చెయ్యి, ఒటీలియా మొగుడి చర్చి బరువు రోజుల్లో ఆమె చేతి జావ తాగిన ప్రతివాడి చెయ్యి. కొన్ని లేవలేదు, బరువు మోయని ఫుల్హెన్సియోకు చెయ్యెత్తే హక్కే లేదు. చేను అన్సెల్మోకు పోయింది. బుధవారం కర్ర తీసుకెళ్ళి గట్టురాళ్ళు మార్చాలన్నారు.

వాదన ఓడిపోతే ఎట్లా ఉంటుందో పుస్తకంలో ఉంది. ఎవరూ ఓడించకుండానే ఓడిపోతే ఎట్లా ఉంటుందో అందులో లేదు. “పెద్దయ్యా, చెయ్యెత్తితే తప్పు ఒప్పవుతుందా?” అన్నాను.

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. “అవదమ్మా. తీర్మానం అవుతుంది.”

వంటశాలలోకి వచ్చి గరిటె బానలో వేసి, చేతులు కడుక్కుని, ఒటీలియాను లేవదీశాను. పులుసు ఎవరు వడ్డించారో నాకు తెలియదు. ఇంటికి వెళ్ళి నా రెండు జతల బట్టలు, పుస్తకం మూట కట్టుకుని ఆమె ఇంటికి నడిచాను. దారిలో దోన్ ఎర్మోహెనెస్ ఇంటి ముందు ఆగి, ఆయన సభ నుంచి వచ్చేదాకా కూర్చుని, రాగానే చెప్పాను. “పెద్దయ్యా, ఇవాళ సభ రెండు తీర్మానాలు చేసింది. రెండోది చేను. మొదటిది, ఆడది లేని ఇల్లు బరువు మోయలేదని. సెలెరీనో ఇంట్లో ఇవాళ్టి నుంచి ఆడది లేదు.”

ఆయన గుమ్మం మీద కూలబడి, “అమ్మా అకిలీనా,” అన్నాడు, “నువ్వేం చేస్తున్నావో నీకు తెలుసా?”

“కొత్తగా ఏమీ చెయ్యలేదు పెద్దయ్యా. మీరు ఒప్పుకున్న మాటే ఒప్పుకున్నాను.”

మంగళవారం పొద్దున్నే, మేమిద్దరం చేలో కలుపు తీస్తుంటే, సెలెరీనో గట్టు దగ్గరకు వచ్చాడు. గడ్డం మాసింది. చేతిలో కర్ర ఉంది గానీ పట్టుకున్న తీరు మారింది, ఎవరైనా తిరిగి ఇవ్వమంటారేమోనన్నట్టు. ఒటీలియాను చూడనట్టు నటించి, “ఇంటికి రా. జనం నవ్వుతున్నారు,” అన్నాడు.

“ఆదివారం కూడా నవ్వారుగా.”

“ఆ మాట ఊరికే అన్నాను. తమాషాకి.”

నేను కలుపు పీకుతూనే ఉన్నాను.

“సభ పెద్ద ఇంటికి కబురు పంపాడు. రేపటిలోగా నువ్వు రాకపోతే కర్ర తిరిగి ఇచ్చెయ్యాలట. గట్టు మీద అన్నం ఎవరు పెడతారని అడుగుతున్నాడు.”

“మీ అమ్మ ఉంది కదా.”

అతను నేల చూశాడు. “పొయ్యి అంటించనంటోంది. రెండు రోజులుగా మంచినీళ్ళతోనే ఉన్నాను. ‘నా బరువు నేను మోసేశాను, నువ్వే మైకులో చెప్పావు కదా’ అంటోంది.”

ఒటీలియా తల పైకెత్తింది. నేను కూడా ఎత్తాను. దోన్యా బ్రీహిదా! ఇన్నేళ్ళు ఆమె నవ్వులన్నీ గుర్తుకొచ్చి, ఈ మాటను వాటి పక్కన ఎక్కడ పెట్టాలో తెలియక, మట్టిచేతులతో అట్లాగే ఉండిపోయాను.

“చూడు అకిలీనా,” అన్నాడు సెలెరీనో. గొంతు తగ్గింది. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. “నువ్వు లేకుండా నేను ఈ బరువు మోయలేను. ఏదీ మోయలేకపోయేవాణ్ణి. చాలా? నాకు తెలియదనుకున్నావా?”

తెలుసు. అతనికి తెలుసు! కొట్టు ముందు రొట్టెలు పట్టుకుని నిలబడ్డప్పుడు తెలుసు, బురదలో దిగినప్పుడు తెలుసు, గాడిద అన్నప్పుడు కూడా తెలుసు. తెలియక అన్నాడేమోనని రెండు రోజులుగా ఎక్కడో మిగుల్చుకున్న ఒక్క సందేహం కూడా అతనే తీసేశాడు.

నడుం నిటారు చేసి లేచాను.

“ఈ మాట నాకు కాదు, సభలో చెప్పు సెలెరీనో,” అన్నాను. “మైకు పట్టుకుని చెప్పు. మూడో మాట వాళ్ళే చెప్పుకుంటారు.”